వ్రొత్స్వాఫ్‌ని కాలినడకన చూడాలంటే: సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి

జర్మనీలో చదువుకుంటూ వీకెండ్‌కి ఇటు, అంటే పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్‌కి, వచ్చే పిల్లలు, పోలండ్‌లో చదివే పిల్లల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నలు, అందరూ మళ్ళీ మళ్ళీ అడిగేది ఒక్కటే: "ఒక్క రోజే ఉంది, వ్రొత్స్వాఫ్‌ని నడిచి ఎలా చూడాలి?" విడివిడిగా చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మిస్సవుతోంది, అందుకే మొత్తం ఒక వరసలో రాస్తున్నాను.

చాలామంది రైలు దిగి, నేరుగా రినెక్ అనే పెద్ద సెంటర్‌కి వెళ్ళి, అక్కడే ఫొటోలు, అక్కడే భోజనం, అక్కడే కాఫీ కానిచ్చి సాయంత్రం రైలెక్కేస్తారు. ఓద్రా నది పాయలుగా చీలి, దీవులు చేసి, వందకు పైగా వంతెనలు కట్టించుకున్న ఊరు ఇది. నీళ్ళ దగ్గరికి వెళ్ళకపోతే సగం ఊరు చూడనట్టే. పైగా ఊళ్ళో అన్నిటికన్నా అందమైన సమయం చీకటి పడే వేళ, అది కూడా రినెక్‌లో కాదు, ఓస్త్రుఫ్ తుమ్‌స్కీ అనే పాత చర్చిల పేటలో. అందుకని ఈ ప్లానంతా ఆ సమయానికి మీరు అక్కడ ఉండేలా కుదిర్చాను.

## 1. ముందు సూర్యాస్తమయం ఎన్నింటికో చూడండి

హోటల్ బుక్ చేసే ముందే ఫోన్లో మీరు వచ్చే తేదీకి సూర్యాస్తమయం ఎన్నింటికో చూసుకోండి. మన దగ్గర ఏడాది పొడుగునా కాస్త అటూ ఇటూగా ఆరింటికే చీకటి పడుతుంది కాబట్టి ఈ ఆలోచనే మనకు తట్టదు. ఇక్కడ డిసెంబర్‌లో సాయంత్రం 4 కాకముందే పొద్దు వాలిపోతుంది. జూన్‌లో రాత్రి 9 దాటాక కూడా వెలుగుంటుంది. సెప్టెంబర్ చివర్లో అయితే 7 లోపు.

ఆ టైమ్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి:

- సూర్యాస్తమయానికి గంటన్నర ముందు: ఓస్త్రుఫ్ తుమ్‌స్కీలోని కేథడ్రల్ (పెద్ద చర్చి) దగ్గర
- 3 గంటల ముందు: రత్స్వావిత్సె పనోరమా (గుండ్రటి భవనంలో చుట్టూరా ఉన్న యుద్ధ చిత్రం) దగ్గర
- 4 నుంచి 5 గంటల ముందు: హాలా తర్గోవా మార్కెట్లో భోజనం
- అంతకు 3 గంటల ముందు: రైల్వే స్టేషన్ నుంచి నడక మొదలు

చలికాలంలో ఈ లెక్కన పొద్దున 8, 8:30కే బయల్దేరాలి. కష్టమే కానీ తప్పదు. వేసవిలో పరిస్థితి వేరు. మ్యూజియాలు, గోపురాలు సాయంత్రానికే మూసేస్తారు, పొద్దు మాత్రం 9 దాకా వాలదు. అందుకని వేసవిలో లోపలికి వెళ్ళి చూసేవన్నీ 5 లోపు ముగించి, రూమ్‌కి వెళ్ళి కాసేపు నడుం వాల్చి, 8:30కి మళ్ళీ ఓస్త్రుఫ్ తుమ్‌స్కీ చేరుకోండి. మధ్యలో విశ్రాంతి లేకుండా లాగిస్తే అసలు చూడాల్సిన చోటికి వచ్చేసరికి కాళ్ళు మొరాయిస్తాయి.

ఏ రోజు వస్తున్నారన్నది కూడా ముఖ్యమే. సోమవారం చాలా మ్యూజియాలకు సెలవు. ఆదివారం, ఏడాదిలో కొన్ని ఆదివారాలు మినహా, సూపర్ మార్కెట్లు, మాల్స్ చట్టప్రకారం మూసి ఉంటాయి. హోటళ్ళు, కెఫేలు తెరిచే ఉంటాయి. పైగా ఆదివారం పొద్దున చర్చిల్లో ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి లోపల తిరగడం కుదరదు. నన్నడిగితే గురు, శుక్ర, శనివారాల్లో ఏదైనా మంచిది.

## 2. రాకముందు సర్దుకోవాల్సినవి

నడక మొత్తం ఏడెనిమిది కిలోమీటర్లు. వినడానికి తక్కువే కానీ అందులో సగం రాళ్ళు పరిచిన రోడ్లే. నున్నటి అడుగున్న షూ, చెప్పులు, హీల్స్ వద్దు. వాన పడితే ఈ రాళ్ళు జారతాయి. కొత్త షూ కొనుక్కుని మొదటిసారి ఇక్కడే వేసుకునే ఆలోచన ఉంటే మానుకోండి, కనీసం వారం ముందు నుంచీ వేసుకుని అలవాటు చేసుకోండి.

చెక్‌లిస్ట్:

- గ్రిప్ ఉన్న, అలవాటైన షూ
- గాలి, చిరుజల్లు ఆగే జాకెట్ (నది ఒడ్డున వేసవి సాయంత్రం కూడా చల్లగాలి కొడుతుంది)
- నీళ్ళ బాటిల్ (కుళాయి నీళ్ళు తాగొచ్చు, నింపుకోవచ్చు)
- కాంటాక్ట్‌లెస్ కార్డు, దాంతో పాటు కొన్ని జ్లోతీ చిల్లర నాణేలు
- పాస్‌పోర్ట్, మీరు వేరే షెంగెన్ దేశంలో ఉంటుంటే రెసిడెన్స్ కార్డు కూడా
- స్టూడెంట్ కార్డు
- ఫోన్లో ఆఫ్‌లైన్ మ్యాప్, బస్సు ట్రామ్‌ల కోసం యాక్‌దొయాదె యాప్
- పవర్ బ్యాంక్

డబ్బు గురించి ఒక మాట. ఇక్కడ యూరోలు కావు, జ్లోతీలు. ఏటీఎంలోనో, షాపులో కార్డు పెట్టినప్పుడో "మీ సొంత కరెన్సీలో లెక్క వేయమంటారా" అని స్క్రీన్ మీద అడుగుతుంది. వద్దని నొక్కి జ్లోతీలోనే కట్టండి. ఒప్పుకుంటే రేటు బాగా నష్టం.

పోలండ్‌లో చదువుతూ 26 ఏళ్ళ లోపు ఉంటే మీ యూనివర్సిటీ ఇచ్చిన కార్డుతో రైలు టికెట్ మీద 51 శాతం తగ్గింపు వస్తుంది. వార్సా నుంచో క్రాకుఫ్ నుంచో వచ్చేవాళ్ళు టికెట్ తీసేటప్పుడే అది పెట్టుకోవాలి, రైలెక్కాక కార్డు చూపించాలి. కార్డు ఇంట్లో మరిచిపోతే తగ్గింపు టికెట్ చెల్లదు.

టికెట్ కౌంటర్లో ఊరి పేరు ఇంగ్లీష్ అక్షరాలు చూసి "వ్రోక్లా" అంటే ఎవరికీ అర్థం కాదు. వ్రొత్స్వాఫ్ అనండి.

## 3. స్టేషన్ నుంచి రినెక్ దాకా: ట్రామ్ ఎక్కకండి

రైల్వే స్టేషన్ పేరు వ్రొత్స్వాఫ్ గ్వువ్నీ. నారింజ రంగు కోటలా ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. బ్యాగులుంటే స్టేషన్లోనే లాకర్లో పెట్టేయండి. చక్రాల సూట్‌కేస్‌ని ఈ రాళ్ళ మీద లాగడం అంటే నరకం.

అక్కడి నుంచి రినెక్ సుమారు కిలోమీటరున్నర. ట్రామ్ ఎక్కితే దారిలో ఉన్నవన్నీ పోతాయి. వరస ఇది:

1. స్టేషన్ ముందు నుంచి పివ్సుద్‌స్కీయెగో వీధిలో ఎడమ వైపు నడవండి. ష్విద్నిత్స్కా వీధి కలిసే కూడలిలో కంచు మనుషులు కనిపిస్తారు. మొత్తం 14 మంది. ఒక పక్క ఫుట్‌పాత్‌లోంచి భూమిలోకి దిగిపోతూ, రోడ్డు దాటాక అవతలి పక్క మళ్ళీ పైకి వస్తూ ఉంటారు. యెజీ కలీనా చేసిన శిల్పాలివి, 2005లో పెట్టారు. ఒక వైపు చూసి వెళ్ళిపోకండి, రోడ్డు దాటి రెండో వైపు కూడా చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

2. ష్విద్నిత్స్కా వీధిలోకి తిరిగి ఉత్తరంగా నేరుగా వెళ్ళండి. దారిలో పాత కోట కందకం వస్తుంది, ఇప్పుడది చెట్ల మధ్య నీళ్ళ కాలువలా ఉంటుంది. దాటగానే ఒపేరా హౌస్.

3. ఇక్కడి నుంచి తల దించుకుని నడవడం మొదలుపెట్టండి. ఊరంతా పరుచుకున్న కంచు మరుగుజ్జులు మోకాలి కింద ఎత్తులోనే ఉంటాయి.

మరుగుజ్జుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్నీ వెతకాలనుకుని రోజంతా పోగొట్టుకునే వాళ్ళు ఎక్కువ. ఇవి కొన్ని వందలున్నాయి, ఏటా పెరుగుతున్నాయి. అన్నిటికీ పెద్ద దిక్కు 2001లో ష్విద్నిత్స్కా వీధిలో పెట్టిన పాపా. ఆ తర్వాత 2005లో తొమాష్ మోచెక్ అనే శిల్పి ఐదు బొమ్మలు చేశాడు. ఈ ఐదూ మనం నడిచే దారిలోనే ఉన్నాయి: ష్విద్నిత్స్కాలో రాతి బంతిని చెరో వైపు నుంచి తోస్తున్న ఇద్దరు, స్తారే యాత్కి సందులో కసాయి, యూనివర్సిటీ దగ్గర కత్తి వీరుడు, పియాస్కోవి వంతెన దగ్గర ఓద్రాలో బట్టలు ఉతికేవాడు. పాపాతో పాటు ఈ ఐదింటినీ పట్టుకుంటే చాలు. మిగతావి వాటంతట అవే ఎదురవుతాయి. టోపీ మీదా ముక్కు మీదా కంచు బంగారంలా మెరుస్తూ ఉంటుంది, వచ్చే పోయే వాళ్ళంతా నిమిరి నిమిరి. పిల్లలు వెంట ఉంటే మాత్రం రినెక్‌లోని టూరిస్ట్ ఇన్ఫర్మేషన్ సెంటర్లో మరుగుజ్జుల మ్యాప్ కొనివ్వండి, రోజంతా "ఇంకెంత దూరం" అని అడగరు.

## 4. రినెక్: గంటన్నర చాలు

రినెక్ అంటే మధ్యయుగం నాటి సంత మైదానం. మధ్యలో పాత టౌన్ హాల్, చుట్టూ రంగురంగుల ఇళ్ళు. ఇక్కడ చేయాల్సింది ఒకటే, ముందు ఎక్కడా కూర్చోకుండా చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి.

- టౌన్ హాల్ తూర్పు ముఖం: 1580 నాటి ఖగోళ గడియారం ఇక్కడే. పొద్దున పూట ఈ వైపు ఎండ పడుతుంది, ఫొటోలకు అదే మంచి టైమ్. మధ్యాహ్నం వస్తే నీడే.
- నైరుతి మూల: ప్లాత్స్ సొల్నీ, ఒకప్పటి ఉప్పు బజారు. ఇప్పుడు పూల కొట్లు, రాత్రి పూట కూడా తెరిచి ఉంటాయి.
- వాయవ్య మూల: యాష్, మవ్గోషా అని పిలిచే రెండు బుల్లి ఇళ్ళు, మధ్యలో కమాను. ఆ కమాను కిందుగా వెళ్తే సెయింట్ ఎలిజబెత్ చర్చి.

చర్చి గోపురం ఎక్కాలా వద్దా? 300కు పైగా మెట్లు, ఇరుకు, లిఫ్ట్ లేదు. కాళ్ళలో బలం ఉండి, ఆ రోజు తెరిచి ఉంటే ఎక్కండి. కానీ ఇది ఎక్కితే కేథడ్రల్ గోపురం వదిలేయండి, ఒకే రోజు రెండూ వద్దు. నేనైతే కేథడ్రల్‌నే ఎంచుకుంటాను. అక్కడ లిఫ్ట్ ఉంది, పైగా అక్కడి నుంచి నది పాయలు, దీవులు, వంతెనలు ఎలా అల్లుకున్నాయో స్పష్టంగా కనబడుతుంది.

చర్చి వెనక కొద్ది దూరంలో స్తారే యాత్కి. ఒకప్పుడు మాంసం కొట్ల సందు, ఇప్పుడు చిన్న చిన్న ఆర్ట్ గ్యాలరీలు. సందు మొదట్లో మేక, పంది, బాతు లాంటి జంతువుల కంచు బొమ్మలు. పది నిమిషాల పని.

రినెక్‌లో భోజనం చేయకండి. రుచి బాగోదని కాదు, అక్కడ కూర్చున్నందుకు కూడా డబ్బు కట్టినట్టుంటుంది బిల్లు. రెండు వీధులు దాటితే అదే తిండి చాలా తక్కువకే.

## 5. యూనివర్సిటీ, అక్కడి నుంచి మార్కెట్

రినెక్ నుంచి ఉత్తరంగా కుజ్నిచా వీధి పట్టుకుంటే ఐదారు నిమిషాల్లో యూనివర్సిటీ. నది ఒడ్డున పొడుగ్గా సాగిన పాత భవనం. 1702లో చక్రవర్తి లియోపోల్డ్ స్థాపించిన విద్యాసంస్థ ఇది. ఆయన పేరుతోనే లోపల ఆవులా లియోపోల్దీనా అనే సభా మందిరం ఉంది. గోడలు, కప్పు, స్తంభాలు అన్నీ చిత్రాలూ శిల్పాలూ. మాథమెటికల్ టవర్ అని పైన ఒక డాబా కూడా ఉంది. రిపేర్లు, వేడుకలు ఉన్నప్పుడు మూసేస్తారు, సెలవు రోజు కూడా మిగతా మ్యూజియాలతో కలవదు, కాబట్టి ముందు రోజే వెబ్‌సైట్‌లో చూసుకోండి. మూసి ఉంటే బాధపడకుండా ముందుకు వెళ్ళండి, ఇక్కడ ఎదురుచూస్తూ కూర్చుంటే సాయంత్రం లెక్క తప్పుతుంది.

యూనివర్సిటీ నుంచి తూర్పుగా, నదిని ఎడమ చేతి వైపు ఉంచుకుని నడిస్తే హాలా తర్గోవా. బయటి నుంచి ఎర్ర ఇటుకల పాత చర్చిలా ఉంటుంది. తలుపు తోసి లోపలికి వెళ్ళగానే తల పైకెత్తి చూడండి: పెద్ద పెద్ద కాంక్రీటు కమానులు నేల నుంచి కప్పు దాకా వంపు తిరిగి లేస్తాయి. 1908లో కాంక్రీటుతో ఇంత పని చేశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కింద కూరగాయలు, పళ్ళు, పూలు, ఊరగాయ క్యాబేజీ, తేనె. కొట్టువాళ్ళ దగ్గర "జెన్ దొబ్రి" అని పలకరించి అడిగితే ముఖం విప్పి మాట్లాడతారు. ఆదివారం ఇటు రావొద్దు.

## 6. భోజనం: శాకాహారులు ఇది జాగ్రత్తగా చదవండి

మన వాళ్ళలో ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే. "వెజ్ ఉందా" అంటే ఉందంటారు, ప్లేటు వచ్చాక పైన ఏవో వేయించిన ముక్కలు ఉంటాయి.

చవగ్గా, కడుపునిండా తినాలంటే బార్ మ్లెచ్నీ అనే భోజనశాలలు వెతకండి. పేరులో బార్ ఉన్నా మందు ఉండదు. కౌంటర్లో ఆర్డర్ చెప్పి, డబ్బు కట్టి, ప్లేటు తెచ్చుకుని, తిన్నాక ప్లేటు మనమే తిరిగి ఇచ్చేయాలి. యూనివర్సిటీ పక్కనే కుజ్నిచా వీధిలో మిష్ అని ఒకటుంది. మధ్యాహ్నం 1 దాటితే క్యూ, కాస్త ముందే వెళ్ళండి.

- పియెరోగి రుస్కియె: బంగాళాదుంప, తాజా జున్ను కూరిన ఉడికించిన కజ్జికాయల లాంటివి. లోపల మాంసం ఉండదు, పైన మాత్రం పంది కొవ్వు ముక్కలు వేసే అలవాటుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "బెస్ స్క్వారెక్" అనండి.
- ప్లాట్స్కి జెమ్న్యాచానె: తురిమిన బంగాళాదుంపల అట్లు. తినొచ్చు, పిండిలో గుడ్డు ఉంటుంది.
- నలెష్నికి: జున్నో జామో పెట్టిన పల్చటి అట్లు. వీటిలోనూ గుడ్డు.
- ఎర్రటి బీట్‌రూట్ చారు బర్ష్చ్: చూడటానికి శాకాహారమే కానీ చాలా చోట్ల మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. అడగండి.
- జురెక్: పుల్లటి పిండి చారు, సాసేజ్ ముక్కలు మామూలే. వద్దు.

గుర్తుపెట్టుకోవాల్సిన మాట "బెస్ మియెన్సా", అంటే మాంసం లేకుండా. గుడ్డు కూడా తినని వాళ్ళు హాలా తర్గోవాలో పళ్ళు, బ్రెడ్, జున్ను కొనుక్కుని నది ఒడ్డున తినడం అన్నిటికన్నా నిశ్చింత.

## 7. నది ఒడ్డు, పనోరమా

ఎక్కువ మంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. హాలా తర్గోవా ముందే పియాస్కోవి వంతెన కనిపిస్తుంది, అందరూ దాన్నే దాటి దీవిలోకి వెళ్ళిపోతారు. వెళ్ళకండి. అది మన తిరుగు దారి. బట్టలు ఉతికే మరుగుజ్జుని చూసేసి, వంతెన దాటకుండా, ఈ ఒడ్డునే తూర్పుగా బుల్వార్ దునికోఫ్‌స్కియెగో మీద నడవండి. అవతలి ఒడ్డున కేథడ్రల్ జంట గోపురాలు, చర్చిలు, నీళ్ళలో వాటి నీడలు, అన్నీ ఒకే చూపులో కనబడేది ఈ నడకలోనే. దీవిలోకి వెళ్ళిపోతే ఆ దృశ్యం మీకు దొరకదు.

ఆ దారి పక్కనే లోపలికి రత్స్వావిత్సె పనోరమా. గుండ్రటి భవనం లోపల చుట్టూరా ఒకే చిత్రం, 15 మీటర్ల ఎత్తు, 114 మీటర్ల పొడవు, 1794లో పోలండ్ సైన్యం రష్యన్లతో చేసిన రత్స్వావిత్సె యుద్ధం. 1893, 94ల్లో ల్వుఫ్‌లో (ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వివ్) గీశారు, 1985 నుంచి ఇక్కడ చూపిస్తున్నారు. చిత్రం ముందు నిజమైన మట్టి, విరిగిన బండి చక్రాలు, కంచె పేర్చారు. ఎక్కడ నిజం నేల ఆగి ఎక్కడ రంగు మొదలైందో పట్టుకోవడానికి ప్రయత్నించండి, చాలాసేపు పడుతుంది.

ఎప్పుడంటే అప్పుడు లోపలికి పంపరు, నిర్ణీత సమయాలకు బ్యాచ్‌లుగా పంపుతారు. శనివారం, సెలవు రోజుల్లో టికెట్లు అయిపోతాయి. ముందే ఆన్‌లైన్లో తీసుకోండి. దొరక్కపోతే ఆ గంట బుల్వార్ మీద కూర్చోండి, అది కూడా వృథా కాదు.

## 8. వెనక నుంచి ఓస్త్రుఫ్ తుమ్‌స్కీలోకి

పనోరమా నుంచి మళ్ళీ ఒడ్డుకి వచ్చి తూర్పుగా నడిస్తే నేషనల్ మ్యూజియం, దాని పక్కన పోకోయు వంతెన. వంతెన దాటి ఎడమకు తిరగండి. జంట గోపురాలే దారి చూపిస్తాయి, మ్యాప్ అక్కర్లేదు.

1. కేథడ్రల్‌లోకి ముందు వెళ్ళండి. టోపీ తీసేయండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ప్రార్థన జరుగుతుంటే బయటే ఆగాలి, వెనక నిలబడి ఫొటోలు తీయడం వాళ్ళకు నచ్చదు.

2. గోపురం పైకి లిఫ్ట్ ఉంది, కానీ లిఫ్ట్ దగ్గరికి చేరడానికే కొన్ని మెట్లెక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ముందే చెప్పండి. పైకి వెళ్ళాక పడమటి వైపు చూస్తే ఇప్పటిదాకా నడిచిన దారంతా కనిపిస్తుంది.

3. టైమ్ మిగిలితే కేథడ్రల్ వెనక ఉన్న యూనివర్సిటీ బొటానికల్ గార్డెన్. 1811 నాటిది. మే, జూన్‌లలో చాలా బాగుంటుంది. చలికాలంలో మూసేస్తారు.

4. పొద్దు వాలడానికి ఒక పావుగంట ముందు కతెద్రాల్నా వీధిలోకి రండి, కేథడ్రల్ నుంచి పడమరగా వెళ్ళే వీధి అదే.

ఈ పేటలో ఇప్పటికీ గ్యాస్ దీపాలే, వందకు అటూ ఇటూగా. నల్లటి పొడుగు కోటు, ఎత్తు టోపీ పెట్టుకుని, చేతిలో పొడుగాటి కర్రతో ఒక మనిషి వచ్చి ఒక్కొక్క దీపాన్నీ వెలిగించుకుంటూ పోతాడు. కర్ర పైకి చేరుతుంది, ఒక క్షణం ఆగుతుంది, గాజు లోపల పచ్చటి వెలుగు నెమ్మదిగా నిలదొక్కుకుంటుంది, ఆయన అప్పటికే తర్వాతి స్తంభం వైపు నడుస్తుంటాడు. వేగంగా నడుస్తాడు. ఆయన దారికి అడ్డంగా నిలబడి సెల్ఫీలు అడగొద్దు, పనిలో ఉన్న మనిషి. కొద్ది దూరంలో వెనక నడవండి చాలు. ఏ మూల నుంచి మొదలుపెడతాడో రోజూ ఒకేలా ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. కేథడ్రల్‌కీ హోలీ క్రాస్ చర్చికీ మధ్య నిలబడితే కంటపడకుండా పోవడం కష్టం.

5. అదే వీధి చివర తుమ్‌స్కి వంతెన, 1889 నాటి ఇనుప వంతెన. ప్రేమికులు వేసిన తాళాల బరువు పెరిగిపోయి ఒకప్పుడు తీసేయాల్సి వచ్చింది. మీరు తాళం తెచ్చుకోకండి. దాటితే పియాసెక్ దీవి, ఇక ఇందాక వదిలేసిన పియాస్కోవి వంతెన దాటితే మళ్ళీ హాలా తర్గోవా.

ఇంకా ఓపిక ఉంటే పియాసెక్ నుంచి చిన్న వంతెనల మీదుగా స్వొదోవా దీవికి వెళ్ళండి. స్టూడెంట్లు గడ్డిలో కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు. ఎదురుగా నీళ్ళకు అవతల యూనివర్సిటీ భవనం దీపాల్లో వెలుగుతుంటుంది.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారులు

ఎర్ర సిగ్నల్లో రోడ్డు దాటడం. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని దాటేస్తాం. ఇక్కడ జరిమానా వేస్తారు. జీబ్రా క్రాసింగ్ మీద అడుగు పెట్టబోతున్న మనిషికి కార్లు ఆగాలన్న రూల్ 2021 నుంచి ఉంది, కానీ అది ట్రామ్‌కి వర్తించదు. పట్టాలు దాటేటప్పుడు రెండు వైపులా చూసుకోవాల్సింది మనమే.

సైకిల్ దారిలో నడవడం. ఫుట్‌పాత్ పక్కనే ఎర్రగా ఉండే దారి సైకిళ్ళది. గుంపుగా వెళ్ళేటప్పుడు మన వాళ్ళు దాని మీదకి వచ్చేస్తుంటారు. వెనక గంట మోగితే పక్కకు దూకకుండా ఉన్నచోటే ఆగండి, వాళ్ళే తప్పుకుంటారు.

టాయిలెట్ తలుపు దగ్గర అయోమయం. చాలా చోట్ల మనిషి బొమ్మ ఉండదు. త్రిభుజం మగవాళ్ళకు, గుండ్రం ఆడవాళ్ళకు. పబ్లిక్ టాయిలెట్లకు డబ్బులు కట్టాలి, చిల్లర నాణేలు అందుకే దగ్గర పెట్టుకోమన్నది. భోజనం చేసిన చోటే పని కానిచ్చుకుంటే మేలు, ఎందుకంటే ఓస్త్రుఫ్ తుమ్‌స్కీలో అవకాశాలు తక్కువ.

ట్రామ్‌లో కాగితం టికెట్ కోసం వెతకడం. అలిసిపోయి ట్రామ్ ఎక్కితే లోపలి మెషీన్‌లో బ్యాంక్ కార్డుతో టికెట్ తీసుకోవచ్చు. టికెట్ ఆ కార్డు మీదే నమోదవుతుంది, కాగితం రాదు. తనిఖీకి వస్తే అదే కార్డు చూపించాలి. ఇద్దరికి కావాలంటే సంఖ్య మార్చి ఒకే కార్డుతో తీసుకోండి.

హాలా స్తులేత్సియాని కూడా ఇదే రోజులో ఇరికించడం. 1913 నాటి ఆ పెద్ద గుమ్మటం హాలు, పక్కన జపనీస్ తోట, జూ చూడాల్సినవే. హాలుకి 2006లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. కానీ అవి సెంటర్ నుంచి తూర్పుగా మూడు కిలోమీటర్ల పైనే. వాటికి రెండో రోజు పెట్టుకోండి, లేదా వచ్చేసారికి ఉంచుకోండి.

రోడ్డు మీద బీర్ తెరవడం. బహిరంగ ప్రదేశాల్లో మందు తాగితే జరిమానా. కావాలంటే రెస్టారెంట్లో కూర్చోండి.

## 10. వాన పడితే, పెద్దవాళ్ళు వెంట ఉంటే

వాన పడితే వరస మార్చకండి, లోపల గడిపే సమయం పెంచుకోండి. టౌన్ హాల్ మ్యూజియం, ఆవులా లియోపోల్దీనా, హాలా తర్గోవా, పనోరమా, నేషనల్ మ్యూజియం, కేథడ్రల్, ఇవన్నీ దారిలోనే ఉన్నాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి పది, పదిహేను నిమిషాలకు మించదు. గోపురం మాత్రం వదిలేయండి. దీపాలు వెలిగించడం వానలో కూడా ఆగదు, తడిసిన రాళ్ళ మీద ఆ వెలుగు ఇంకా బాగుంటుంది కూడా, కాబట్టి చివరి భాగం మాత్రం ఏ పరిస్థితిలోనూ మానుకోవద్దు.

అమ్మానాన్నల్ని తీసుకొస్తుంటే నడకని సగానికి తగ్గించండి:

- పొద్దున ట్రామ్‌లో రినెక్ దగ్గరికి, గంటసేపు ప్రదక్షిణ
- యూనివర్సిటీ మీదుగా నెమ్మదిగా హాలా తర్గోవా, భోజనం
- రూమ్‌కి వెళ్ళి విశ్రాంతి
- సాయంత్రం పియాస్కోవి వంతెన దాకా ట్రామ్, అక్కడి నుంచి తుమ్‌స్కి వంతెన దాటి కతెద్రాల్నా వీధి, మళ్ళీ అదే దారిలో వెనక్కి

ఈ దారిలో వాళ్ళు నడవాల్సింది బాగా తగ్గుతుంది. వాళ్ళకు రాళ్ళ మీద నడవడం కన్నా ఎక్కువసేపు నిలబడటమే ఇబ్బంది, కాబట్టి దీపాల మనిషి కోసం ముందుగా వెళ్ళి ఎదురుచూసేటప్పుడు కూర్చునే చోటు చూసి పెట్టుకోండి.

రాత్రి ఆలస్యమైతే ట్రామ్‌లు ఆగిపోయి వాటి బదులు రాత్రి బస్సులు నడుస్తాయి, వాటి నెంబర్లు 200ల్లో ఉంటాయి, చాలావరకు రైల్వే స్టేషన్ దగ్గరే కలుస్తాయి. హాలా తర్గోవా నుంచి బయల్దేరే ముందు యాప్‌లో ఆఖరి ట్రామ్ ఎన్నింటికో చూసుకోండి. లాకర్లో బ్యాగులు పెట్టినవాళ్ళు రైలు టైమ్‌కి కనీసం అరగంట ముందు స్టేషన్లో ఉండాలి.